వన్ వే వీధిలో అత్తయ్యగారు

ఫిబ్రవరి 3

తమ్ముడికి అక్క దీవెనలు.

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదని నీకు తెలుసు. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత సేపు కలం పట్టుకుని కూర్చున్నది లేదు. ఇప్పుడు పట్టుకోవడానికి కారణం మా ఫోను. ఉన్న ఒక్క ఫోనూ కొట్లో బల్ల మీద, మీ బావ మోచేతి పక్కన ఉంటుంది. నేను "తమ్ముడూ" అనగానే ఆయన కళ్ళద్దాలు తుడవడం ఆపి చెవి ఇటు పడేస్తారు. ఆయన వినకూడని మాట ఒకటి నీతో చెప్పాలి.

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. మొదటిది మీ బావ చెబుతుంటే నేను రాసినది. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కనుక రాతకోతలన్నీ నావే. రెండోది ఇది. దీని సంగతి ఆయనకు తెలియదు.

మా వీధికి వన్ వే తీసేసి రెండు వైపులా బళ్ళు వదలాలా వద్దా అన్న ఫైలు నీ బల్ల మీదికే వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఆయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇప్పుడు బళ్ళన్నీ ఆస్పత్రి వైపు నుంచే రావాలి. మార్కెట్ వైపు వాళ్ళు మా కళ్ళజోళ్ళ కొట్టుకు రావాలంటే అంత దూరమూ చుట్టి రావాలి. ఆ చుట్టులో ఇంకో కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. అందరూ అక్కడే ఆగిపోతారు. అందుకని రెండు వైపులా వదలమని ఆయన కోరిక.

వదలవద్దని నా కోరిక. మా అత్తయ్యగారు పొద్దున కాఫీ తాగి ఎదురింటికి వెళతారు. అక్కడ ఆవిడ తోటికోడలు, అంటే నాకు చిన్నత్తయ్య, ఉంటుంది. భోజనం వేళ దాకా ఇద్దరూ కడుపు నిండా పోట్లాడుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చిన్నత్తయ్య చెయ్యి పట్టుకుని మా గుమ్మం దాకా దిగబెట్టాలి. ఆ ఇంటి పెద్ద కోడలైన అత్తయ్యగారికి అది మర్యాదట. పాపం చిన్నత్తయ్య గొణుక్కుంటూనే దిగబెడుతుంది.

అత్తయ్యగారు లేని ఆ పూట నాది. దేవుడి ముందు కూర్చుని, మధ్యలో లేవకుండా ప్రార్థన పూర్తి చేసేది అప్పుడొక్కటే. ఆవిడ ఇంట్లో ఉంటే వాక్యానికొకసారి పిలుస్తారు. ఎనభై ఏళ్ళ మనిషి, రెండు వైపులా బళ్ళు తిరిగితే ఇక ఎదురింటికి వెళ్ళలేరు. ఇంట్లోనే ఉండిపోతారు. ఇది నా స్వార్థమేనని దేవుడితో కూడా చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. నువ్వు ఏదో ఒకటి చెయ్యి.

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క

*

ఫిబ్రవరి 11

అక్కకు నమస్కారాలు.

నీ కవరు అందింది. ఒకే చేతిరాతతో, ఒకే ఇంటి నుంచి, ఒకే కవరులో, ఒకదానికొకటి ఎదురెదురుగా వచ్చిన అర్జీలు చూడడం నా ఉద్యోగంలో ఇదే మొదలు. మొదటి కాగితం రెండు వైపులా బళ్ళు కావాలంటుంది. రెండో కాగితం వద్దే వద్దంటుంది. మా కంటే ముందు మీ ఇంట్లోనే వన్ వే ఎత్తేసినట్టున్నారు.

వీధి నా అక్కది కాబట్టి ఇలా, బావది కాబట్టి అలా అని రాయడానికి లేదు. ఈ నెల ఇరవై నుంచి కొన్ని వారాలు ప్రయోగంగా రెండు వైపులా వదిలి చూస్తాం. మా మనుషులు వచ్చి గమనిస్తారు. దాన్ని బట్టి నివేదిక. అంతవరకు మొదటి కాగితంవారు సంబరపడవద్దనీ, రెండో కాగితంవారు దిగులుపడవద్దనీ నా మనవి.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని మీ మరదలు అడుగుతోంది. మెట్లు తక్కువ ఎక్కమంది.

తమ్ముడు

*

ఫిబ్రవరి 15

తమ్ముడూ,

నీకు ఇంజనీరు ఉద్యోగం ఎవరిచ్చారో గాని, ఉత్తరం కొట్టు చిరునామాకు వస్తుందనీ, కొట్టుకు వచ్చింది కొట్లోనే విప్పుతారనీ నీకు తట్టలేదా. మీ బావ విప్పి, ఫ్రేము బిగించుకోవడానికి వచ్చిన టైలరు వింటుండగా గట్టిగా చదివారు. రెండో కాగితం అన్న మాట దగ్గర ఆగి నా వైపు చూశారు. నేను చేతిలో గరిట వైపు చూశాను.

ఆయనకు నా మీద అనుమానం రాలేదు. పెళ్ళయిన దగ్గర నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగను కదా. నేరుగా వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, కన్నకొడుకు వ్యాపారానికి అడ్డుపడుతూ కోడలి చేత చాటుగా రాయించావా అని నిలదీశారు. ఆవిడ కాదంటారు, తర్వాత వంతు నాది.

అత్తయ్యగారు కుర్చీలోంచి కదల్లేదు. "అవును, నేనే రాయించాను. అయితే ఏంటంట?" అన్నారు.

నన్ను వెనకేసుకురావడం ఆవిడ అలవాటు కాదు. పాలు పొంగిపోతే ఎదురింటికి వినబడేలా చెప్పే మనిషి. ఆ నింద ఎందుకు నెత్తిన వేసుకున్నారో నాకు అంతు పట్టలేదు. తర్వాత దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పబోతే, నీ పని చూసుకో అని కసిరారు. తల్లీ కొడుకులకు రెండు రోజులుగా మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నా ద్వారానే.

ఇక మీద నాకు రాసేది ప్రార్థన మందిరం చూసుకునే ఆవిడ పేరిట పంపు. ఆవిడకు చదువూ రాదు, ఊళ్ళో సంగతులు తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు. అలాంటి మనుషులు ఇంకా ఉన్నారు.

మీ అక్క

*

ఫిబ్రవరి 21

అక్కా,

తప్పయింది. ఇక నుంచి మందిరానికే.

మీ అత్తగారు మా ప్రయోగానికి వ్యతిరేకమంటే నాకు ఆశ్చర్యం లేదు. పెద్దవాళ్ళకు కొత్తదంటే గుబులు. మెల్లగా అలవాటు చేస్తే అదే పోతుంది. బడిపిల్లలకు పంచే బొమ్మల పుస్తకం ఒకటి మా దగ్గర ఉంది. ఒక కుందేలు కుడి వైపు చూసి, ఎడమ వైపు చూసి, మళ్ళీ కుడి వైపు చూసి రోడ్డు దాటుతుంది. చాలా సులువుగా ఉంటుంది. మా బంట్రోతు అటు వస్తున్నాడు, అతని చేత పంపిస్తున్నాను. చనువుగా, నొప్పించకుండా చదివి వినిపించు.

తమ్ముడు

*

మార్చి 2

తమ్ముడికి దీవెనలు.

ముందు కుందేలు సంగతి చెబుతాను. మీ బంట్రోతు ఆ పుస్తకం తీసుకెళ్ళి మీ బావ చేతికిచ్చాడు. ఆయనకు తెగ నచ్చింది. వాళ్ళమ్మతో మళ్ళీ మాటలు కలపడానికి ఇదే మంచి అదను అనుకున్నట్టున్నారు. భోజనాల దగ్గర పేజీ పేజీ చదివి, బొమ్మలు చూపించి, అర్థమైందా అని అడిగారు. ఆవిడ నిదానంగా విన్నారు. "ఆ కుందేలుకి పిల్లలున్నారా?" అన్నారు. పుస్తకంలో లేదన్నారు ఈయన. "నీలాంటి కొడుకుంటే అది అటూ ఇటూ చూడకుండానే దాటేసేది" అని కంచం ముందు నుంచి లేచారు.

ఇక వీధి సంగతి. మొదటి రోజు చూడాలి మమ్మల్ని. ఇన్నేళ్ళుగా అందరమూ ఆస్పత్రి వైపే చూసి దాటడం అలవాటైన వాళ్ళం. మా మెడలకు ఇంకో వైపు తిరగడమే రాదు. టైలరు ఆస్పత్రి వైపు శ్రద్ధగా చూస్తూ, మార్కెట్ వైపు నుంచి వచ్చిన వ్యాను మీద చెయ్యి ఆనించాడు. డ్రైవరు ఎక్కుతారా అని అడిగాడట.

అత్తయ్యగారు ఎప్పటిలాగే గుమ్మం దిగి, ఎడమ చేతి వైపు చూసి, ముందుకు నడిచారు. కుడి చేతి వైపు నుంచి రొట్టెలవాడి సైకిలు వచ్చింది. అతను బెల్లు కొట్టాడు, అరిచాడు, చివరికి టైలరు గుమ్మంలోకి తిప్పి పడ్డాడు. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. రొట్టెలు మాత్రం వీధంతా దొర్లాయి. చూసుకోవాలి కదా మామ్మగారూ అన్నాడతను.

"ఆ పక్కనుంచి ఏదీ రాదు" అన్నారావిడ. "ఎప్పుడూ రాలేదు."

మీ బావ నవ్వేసి, దుమ్ము పడిన రొట్టెలన్నీ కొన్నారు. రెండు రోజులు అవే తిన్నాం.

అప్పటి నుంచి ఆవిడ రోడ్డు దాటడం మానేశారు. పెద్ద కోడలి దగ్గరికి చిన్న కోడలే రావాలి, ఇన్నాళ్ళూ మర్యాద తలకిందులైంది అని కబురు పెట్టారు. చిన్నత్తయ్య తన దిండు చంకన పెట్టుకుని వచ్చేసింది. ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ మా ఇంట్లోనే. ఎప్పుడో పోయిన ఇత్తడి బిందె ఎవరి పుట్టింటిదో తేల్చడానికి నన్ను పిలుస్తారు. అప్పటికి నేను ఈ ఇంటికి కోడలుగానే రాలేదంటే, అయినా నీకు న్యాయం తెలియాలి అంటారు. నా ప్రార్థన "దేవా" అన్న మాట దాటి ముందుకు పోవడం లేదు.

కొట్టు మాత్రం కళకళలాడుతోంది. మీ బావ నిన్న పాట పాడారు.

మీ అక్క

*

మార్చి 7

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఊపిరి పీల్చుకున్నాను. నేను అనుకున్నదే జరిగింది. పెద్దావిడకు తోడు ఇంటికే వచ్చింది. బావ కొట్టుకు గిరాకీ పెరిగింది. రొట్టెలవాడికి కూడా బేరం అయింది. నష్టపోయింది నీ ప్రార్థన ఒక్కటే. నివేదికలో దానికి చోటు లేదు, ఏమనుకోకు. కాస్త దూది చెవుల్లో పెట్టుకుని చూడు.

నెలాఖరుకల్లా రెండు వైపులా శాశ్వతం చేయవచ్చని రాసేస్తాను. కుందేలు విషయంలో మీ అత్తగారి అభిప్రాయాన్ని మా ఆఫీసులో చదివి వినిపించాను. అందరూ ఆవిడ అభిమానులైపోయారు.

తమ్ముడు

*

మార్చి 12

తమ్ముడూ,

నీ ఉత్తరానికి నవ్వలేకపోయాను. ఇది ఆఫీసులో చదవకు. ఇంటికి తీసుకెళ్ళి, ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

చిన్నత్తయ్య రావడం మానేసింది. ఇన్నాళ్ళు నేనొచ్చాను, రేపటి నుంచి నువ్వు రా అక్కా అంది. రానన్నారు అత్తయ్యగారు. ఆవిడ దిండు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఈవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదురింటి తలుపు వైపు చూస్తూ కూర్చుంటున్నారు. నన్ను పిలవడం లేదు. పాలు పొంగినా ఏమీ అనడం లేదు. ఇల్లంతా నేను ఇన్నాళ్ళూ కోరుకున్నంత నిశ్శబ్దంగా ఉంది. దేవుడి ముందు కూర్చుంటే ఒక్క మాట రావడం లేదు నాకు.

మొన్న టీ తీసుకెళ్ళి ఆవిడ పక్కన స్టూలు మీద పెట్టాను. కాసేపటికి వెళితే, టీ ఇంకా తేలేదేం అన్నారు. టీ అక్కడే ఉంది, చల్లారిపోయి. రోజూ ఎడమ పక్క పెట్టేదాన్ని, ఆ రోజు స్టూలు కుడి పక్క ఉంది. నేను కుడి పక్కనే నిలబడి ఆవిడ కంటి ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కదల్లేదు.

నేల మీద ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యగారూ?"

"దేనికి?"

"ఆ కన్ను కనబడక."

కొంగు సర్దుకున్నారు. తర్వాత, "వాడికి చెప్పకమ్మా" అన్నారు. "చెబితే నన్ను గుమ్మం దాటనివ్వడు. దాటినా చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. అలా నడవాల్సి వస్తే నేను ఇంట్లోనే కూర్చుంటాను."

నన్ను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

నీకు తెలుసు కదా, మీ బావ ప్రతి ఏడూ తల్లి చూపు పరీక్ష చేస్తారు. ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాల అట్ట చదవమంటారు. కొట్టుకూ ఇంటికీ మధ్య ఒక్క గోడ. వచ్చినవాళ్ళంతా ఆ అట్ట చదువుతుంటే ఆవిడ ఇవతల కూర్చుని వింటూనే ఉన్నారు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఆవిడకు కంఠస్థం. మా అమ్మకు ఈ వయసులో కూడా అద్దాలు అక్కర్లేదని ఈయన అందరికీ చెప్పుకుంటారు.

ఎడమ కన్ను బాగుంది. మా వీధిలో బళ్ళు ఎడమ చేతి వైపు నుంచే వస్తాయి కనుక వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేదు. తిరిగొచ్చేటప్పుడు అవి కుడి వైపు అవుతాయి. అందుకే ఆ సాగనంపే మర్యాద. నేను గర్వం అనుకున్నాను. ఆ రెండో కాగితం నింద నెత్తిన వేసుకోవడం కూడా నా కోసం కాదు. వన్ వే ఉండాలని ఆవిడకు నాకంటే ఎక్కువగా ఉంది.

మందిరానికి వెళ్ళొస్తామని చెప్పి డాక్టరుకు చూపించాను. ఆస్పత్రిలో ప్రార్థన గది ఉంది, అక్కడికీ వెళ్ళాం, కనుక అబద్ధం కాలేదు. కుడి కంటి జబ్బు పాతబడిపోయింది, ఇక చూపు రాదు, రెండో కంటికి ఏమీ భయం లేదు అన్నారాయన.

ఎదురింటికి వెళ్ళి చిన్నత్తయ్యను బతిమాలాను. ఆవిడ నా మాట మధ్యలోనే ఆపింది.

"నాకు తెలియదనుకున్నావా? ఇన్నేళ్ళు చెయ్యి పట్టుకుని దాటించింది మర్యాదకే అనుకున్నావా అమ్మాయ్?"

"మరి రావచ్చు కదా అత్తయ్యా."

"ఒక్కసారి అడగమను. రావే చెల్లీ, నాకు చేతకావడం లేదు అనమను. దిండుతో సహా వస్తాను."

అడగరు. ఆ మాట అనడం కంటే ఆ కిటికీ దగ్గరే ఉండిపోతారు. రోజురోజుకీ ఆ కుర్చీలోకి కుంచించుకుపోతున్నారు తమ్ముడూ. మొదట నేను నా పూట కోసం రాశాను. ఆ సంగతి వదిలెయ్యి. నిన్ను తప్పు రాయమనను. నీ నివేదిక నీది. కాని దీనికి ఏమైనా దారి ఉంటే ఆలోచించు.

మీ అక్క

*

మార్చి 18

అక్కా,

కుందేలు పుస్తకం పంపినందుకు సిగ్గుగా ఉంది. ఆవిడకు చెప్పలేను కనుక నీకు చెబుతున్నాను.

వన్ వే అలాగే ఉంచమని రాయలేను. మార్కెట్ వైపు నుంచి ఆస్పత్రికి వెళ్ళే అంబులెన్సు ఇన్నాళ్ళూ ఆ చుట్టు తిరిగేదట. ఇప్పుడు నేరుగా వెళుతోంది. దాన్ని కాదని రాస్తే నాకు నిద్ర పట్టదు. నువ్వే ఒప్పుకోవు.

అయితే మా మనుషులు గమనించిన సంగతి ఇంకోటి ఉంది. నేనే దాని మీద శ్రద్ధ పెట్టలేదు. సగం దాకా వచ్చి, ముందుకు పోలేక వెనక్కి రాలేక నిలబడిపోతున్నవాళ్ళు మీ వీధిలో చాలామంది. రోడ్డు వెడల్పు సరిపోతుంది. నడి రోడ్డు మీద, మీ ఇంటికి ఎదురుగా, మనుషులు ఆగడానికి గట్టు కట్టిన ఒక దిమ్మ వేయమని రాస్తున్నాను. మీ అత్తగారి కన్ను ఫైల్లో ఎక్కడా ఉండదు. అక్కర్లేదు కూడా.

కాగితం మీద గీసి చూశాను. దిమ్మ మీదికి చేరాక, వెళ్ళేటప్పుడైనా వచ్చేటప్పుడైనా మిగతా సగంలో బళ్ళు ఎడమ చేతి వైపు నుంచే వస్తాయి. చిక్కు మొదటి సగంతోనే. అక్కడ కుడి వైపు చూడాలి. కాని గుమ్మంలో నిలబడి ఒళ్ళంతా తిరిగి చూసేంత తీరిక ఉంటుంది, ఎవరూ తొందరపెట్టరు. ఎందుకు అలా తిరుగుతున్నావని బావ అడగకుండా ఆవిడకు ఒక సాకు కావాలి. సాకులు మా విభాగంలో దొరకవు. అది నువ్వు చూసుకో.

తమ్ముడు

*

మే 2

తమ్ముడికి అక్క దీవెనలు.

దిమ్మ కట్టారు. మీ బావ దాన్ని చూసి, ఎవడి ఆలోచనో గాని తెలివైనవాడు అన్నారు. నేను గర్వపడ్డాను, పైకి అనలేదు.

సాకు నేను వెతకనక్కర్లేకపోయింది. సంగతంతా చెప్పగానే అత్తయ్యగారే వెతుక్కున్నారు. గుమ్మానికి కుడి పక్కన కొట్టు బోర్డు వేలాడుతుంది కదా. మొదటి రోజు గుమ్మం దిగి, పూర్తిగా కుడి వైపు తిరిగి, బోర్డు కేసి చూస్తూ దుమ్ము కొట్టుకుపోయింది, ఇలా ఉంటే ఎవడొస్తాడు అని తిట్టారు. తిడుతూనే వీధి చివరి దాకా చూసుకుని, నెమ్మదిగా దిమ్మ దాకా నడిచారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మీ బావ బోర్డు తుడిచారు. రోజూ తిడుతున్నారు, ఈయన రోజూ తుడుస్తున్నారు. మెరిసిపోతోంది బోర్డు.

దిమ్మ మీదికి చేరాక ఆవిడ ఆగారు. మిగతా సగం సులువు అని నువ్వన్నావు. అయినా కదల్లేదు. ఎదురింటి గుమ్మంలో చిన్నత్తయ్య నిలబడి ఉంది. రా అని ఈవిడ అనలేదు. వస్తున్నానని ఆవిడా అనలేదు. బళ్ళు అటొకటి ఇటొకటి పోతున్నాయి. చాలాసేపటికి చిన్నత్తయ్య, బజారుకు పోతున్నట్టు సంచి ఒకటి పట్టుకుని, దిమ్మ మీదికి వచ్చింది. ఇద్దరూ ఎవరి వైపు వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు అత్తయ్యగారు, "ఆ బిందె మా పుట్టింటిదే" అన్నారు. మా గుమ్మం దాకా వినబడింది.

అంతే తమ్ముడూ. అది మొదలు రోజూ అక్కడే. ఎవరూ ఎవరింటికీ వెళ్ళడం లేదు, ఎవరి మాటా కింద పడడం లేదు. మర్నాడు కొట్లో గిరాకీలు కూర్చునే స్టూలు ఈవిడ పట్టుకెళ్ళారు. ఆవిడ దిండు తెచ్చుకుంది. అటు బళ్ళు, ఇటు బళ్ళు, మధ్యలో వాళ్ళిద్దరి గొంతులు. డ్రైవర్లు వేగం తగ్గించి వింటున్నారు. రొట్టెలవాడు వాళ్ళ ముందు సైకిలు దిగి నడిపించుకుని పోతున్నాడు. మీ బావ కొట్లోకి వచ్చిన ప్రతి మనిషికీ వేలు పెట్టి చూపించి, ఎనభై ఏళ్ళు, అద్దాలు లేవు, రెండు వైపులా బళ్ళొచ్చే రోడ్డు ఒక్కతీ దాటింది చూడండి అంటున్నారు. నేను ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను.

దిమ్మ నిలబడడానికే గాని కూర్చోవడానికి కాదని మొన్న మీ మనిషి ఒకాయన వచ్చి చెప్పాడు. అత్తయ్యగారు అతన్ని నువ్వు ఎవరి అబ్బాయివి అని అడిగి, ఇద్దరి మధ్యా తీర్పు చెప్పమన్నారు. సాయంత్రానికి గాని వదల్లేదు. అతను నీకు ఏదైనా కాగితం రాస్తే, మిగతా కాగితాల అడుగున పెట్టు. దిమ్మ చుట్టూ కంచె గాని, బోర్డు గాని పెట్టించకు.

నా పూట నాకు దక్కింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. దీపం పెట్టుకుని కళ్ళు మూసుకుంటాను. కాసేపటికి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, స్టూలు మీద ఆవిడ తల కనబడుతోందా అని చూసి వచ్చి మళ్ళీ మొదలుపెడతాను. ఒక్క పూటలో ఎన్నిసార్లు లేస్తున్నానో దేవుడికే తెలుసు. ఆయన ఇప్పుడు కూడా ఏమీ అనడం లేదు.

ఈ ఉత్తరాలన్నీ నీ దగ్గర జాగ్రత్తగా ఉంచు. నాకు ఇంత రాయడం వచ్చని నాకే తెలియదు, ఎప్పుడైనా అడిగి చదువుకుంటాను. మీ బావకు చూపించకు. మరదలికి కూడా చూపించకు, ఆవిడ మంచిదే గాని నవ్వు ఆపుకోలేదు. అత్తయ్యగారి సంగతి ఆవిడ చెప్పాలనుకున్న రోజున ఆవిడే చెబుతారు. చెప్పకపోతే మనకూ తెలియనట్టే.

మీ అక్క